కంటిన్యూ మేడమ్ వంతు

మా అక్క పదిమందికీ మాట్లాడటం నేర్పుతుంది. తను మాత్రం మాట్లాడదు.

అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయనకు వదిన. తోడికోడళ్ల మధ్య ఉండవలసిన పోట్లాటలు మా మధ్య కూడా ఉండాలని, ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ నేను చేయని ప్రయత్నం లేదు. ఏం లాభం? ఒంటి చేత్తో చప్పట్లు ఎంతసేపని కొడతాను? నేనొక మాట అంటే "నిజమే చెల్లీ" అంటుంది. ఇంకో మాట అంటే "అదీ నిజమే" అంటుంది. ఆ పైన నాకే మాట దొరకదు. ఊరుకున్నంత ఉత్తమం లేదన్న సామెతను ఆవిడను చూసే ఎవరో పుట్టించి ఉంటారు.

మా ఇంటి ముందుగది వీధివైపు ఉంటుంది. రెండు పెద్ద కిటికీలు, ఒక పాత బీరువా, ఎత్తు సరిపోని కుర్చీలు కొన్ని. పగలు ఆ గది నాది. కిటికీ దగ్గర వెలుతురు బాగా పడేచోట నా కుట్టుమిషన్ వేసుకుని ప్యాంట్లు పొట్టి చేస్తాను, జిప్పులు మారుస్తాను, లావైనవాళ్ల షర్టులు వదులు చేస్తాను, సన్నబడతామని శపథం పట్టినవాళ్లవి బిగించి, మళ్లీ వదులు చేస్తాను. సాయంత్రమయ్యేసరికి గది అక్కదవుతుంది. బీరువా మీద ఆనించిన తెల్లబోర్డు కిందికి దిగుతుంది. నేను మిషన్‌ని గోడవారకు జరిపి, చేతికుట్టు పని పట్టుకుని, వినీ విననట్టు కూర్చుంటాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఒక కత్తి మెత్తనిదైతే ఇముడుతాయి.

అక్క ఒక భాషా శిక్షణ కేంద్రంలో పంతులమ్మ. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు రాసే పెద్ద ఇంగ్లీషు పరీక్షకు తయారుచేస్తుంది. పగలంతా కేంద్రంలో చెప్పినా, నోరు పెగలని వాళ్లను సాయంత్రం ఇంటికి రమ్మంటుంది. పరీక్షలో చదవడం, వినడం, రాయడం ఒక ఎత్తు, మాట్లాడటం ఒక్కటీ ఒక ఎత్తు. అభ్యర్థులను ఇద్దరిద్దరిగా గదిలోకి పంపుతారు. ఎదురుగా కూర్చున్నావిడ ప్రశ్నలు అడుగుతుంది. మూల కూర్చున్నాయన నోరు విప్పకుండా మార్కులు వేస్తాడు. బల్లమీద నాలుగు ఫొటోలు పరిచి, మీరిద్దరూ మాట్లాడుకుని ఒక నిర్ణయానికి రండి అంటారు. ఇద్దరికీ కలిపి ఇచ్చే సమయం ఒకటే. ఒకరు ఎంత తీసుకుంటే రెండోవారికి అంత తగ్గుతుంది. పక్కవాణ్ణి బొత్తిగా మాట్లాడనివ్వకపోయినా మార్కులు పోతాయి, మొత్తం పక్కవాడికే వదిలేసినా పోతాయి. ఆ పరీక్ష పెట్టినవాడెవడో ఉమ్మడి కుటుంబంలో పుట్టినవాడై ఉంటాడని నా నమ్మకం.

వచ్చేవాళ్లందరూ తలపండిన వాళ్లే. ఇంగ్లీషు రాక కాదు వాళ్ల బాధ. ఆఫీసులో ఏళ్ల తరబడి మాట్లాడి మాట్లాడి, ఆ ధోరణి నాలుకకు అంటుకుపోయి ఉంటుంది. ప్లీడరుగారు ఒకాయన వచ్చేవారు. వారాంతం ఎలా గడిపారండీ అని అడిగితే, "సదరు వారాంతమున నేను నా నివాసంలోనే ఉన్నానని సవినయంగా మనవి చేస్తున్నాను" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు చెప్పేవారు. నర్సమ్మ ఒకావిడ ఏ సంగతైనా ఎంత మెల్లగా, ఎంత మెత్తగా చెప్పేదంటే, ఆవిడ అవునన్నదో కాదన్నదో ఇంటికెళ్లాక గానీ తెలిసేది కాదు. అక్క వాళ్లను గుమ్మంలోనే ఆపి, "కోటుతో పాటు మీ ఉద్యోగాన్ని కూడా ఆ మేకుకి తగిలించి లోపలికి రండి" అనేది. క్లాసులో ఆవిడ అనే పెద్ద మాట అదొక్కటే.

మిగతా సమయమంతా ఆవిడ పని ఎదుటివాళ్ల చేత మాట్లాడించడం. జతలేని వాళ్లకు తనే జతగా కూర్చునేది. వాళ్లు ఒక ముక్క చెప్పి ఆగిపోతే "కంటిన్యూ" అనేది. మళ్లీ ఆగితే మళ్లీ "కంటిన్యూ". తల ఊపేది, కళ్లు పెద్దవి చేసేది, మీరింత గొప్ప సంగతి చెబుతుంటే నేనెక్కడికి పోతానన్నట్టు ముందుకు వంగేది. కేంద్రంలో అందరూ ఆవిడను కంటిన్యూ మేడమ్ అనేవారు.

ఆ కంటిన్యూకి కూడా కదలని ఘటం ఒకాయన ఉండేవాడు. లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. మేం లిఫ్టాయన అనేవాళ్లం. ఇరవై అంతస్తుల గొయ్యిలో తాడుకు వేలాడుతూ పనిచేసే మనిషి, కుర్చీలో కూర్చోబెట్టి అభిప్రాయం అడిగితే బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయేవాడు. మోకాళ్లు అరిగిపోయాయి. ఈ పరీక్ష గట్టెక్కితే కొత్తవాళ్లకు పని నేర్పే కుర్చీ ఉద్యోగం ఇస్తామన్నారట. "పర్యాటకం వల్ల లాభమా నష్టమా?" అని అక్క అడిగితే, చాలాసేపు ఆలోచించి "లాభం" అనేవాడు. లోపం కనిపెట్టడం, సరిచేయడం, సంతకం పెట్టించుకోవడం. ఆయన ఉద్యోగంలో నాలుగో మాటకు చోటు లేదు మరి.

ఇలా సాగుతుండగా కేంద్రం వాళ్లు కొత్త నియమం పెట్టారు. ఆ పరీక్షకు పాఠం చెప్పేవాళ్ల దగ్గర ఆ పరీక్షే పై గ్రేడులో పాసైన సర్టిఫికెట్ ఉండాలట. లేనివాళ్లు క్లాసు వదిలేసి, ముందు టేబుల్ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లకు దరఖాస్తు కాగితాలు ఇవ్వాలట. అక్క ఏళ్ల తరబడి ఎంతమందిని ఆ పరీక్ష దాటించిందో గానీ, తనెప్పుడూ రాయలేదు. రాయమని ఎవరూ అడగలేదు, తనకు రాయాలని తోచలేదు.

"నీకేం అక్కా, కళ్లు మూసుకుని రాస్తావు" అన్నాను.

"నిజమే చెల్లీ" అంది. కానీ ఆ రాత్రి అన్నం కలిపి తినడం మర్చిపోయింది. బావగారు రెండుసార్లు పలకరిస్తే గానీ చెయ్యి కదల్లేదు. ఉద్యోగం పోవడం కాదు, క్లాసు పోవడం. ఆవిడకున్న లోకమంతా ఆ ఎత్తు సరిపోని కుర్చీల్లోనే ఉందని నాకు తెలుసు.

తన బ్యాచ్‌తో పాటే తనూ డబ్బు కట్టింది. చదివే పరీక్ష, రాసే పరీక్ష నల్లేరు మీద నడకలా అయిపోయాయి. మాట్లాడే పరీక్ష మధ్యాహ్నం. నేను భోజనం క్యారియర్ పట్టుకుని బయట మెట్ల మీద కూర్చున్నాను. ఎవరి పక్కన ఎవరన్నది లోపలివాళ్ల ఇష్టం. తలుపు తెరుచుకుని ఒకావిడ పిలిచింది. అక్క పేరు పిలిచింది. రెండో పేరు లిఫ్టాయనది.

వాళ్లిద్దరూ బయటికి వచ్చాక మాట్లాడింది లిఫ్టాయన. అదే మొదటి వింత. అక్క సీసాలో నీళ్లు తాగుతూ అటు తిరిగి నిలబడింది.

"ఏం జరిగిందండీ?" అన్నాను.

"నాలుగు చోట్ల ఫొటోలు పెట్టారండి. ఆసుపత్రి, స్టేషను, బజారు, పెద్ద ఆఫీసు. ముందు ఏది బాగుచేయాలో ఇద్దరూ తేల్చమన్నారు. నేను ఆసుపత్రి అన్నాను. అక్కడితో నా పని అయిపోయింది. గొంతు పట్టేసింది."

"అప్పుడు మా అక్క చెప్పిందా?"

"ఎక్కడండీ. నావైపు తిరిగి కంటిన్యూ అన్నారు. అలవాటు కదా, నేను కంటిన్యూ అయ్యాను. అక్కడి లిఫ్టు గురించి చెప్పాను. చాలా బాగుంది, ఒక ఉదాహరణ ఇవ్వండి అన్నారు. ఒకసారి ఒక ముసలావిడ స్ట్రెచర్ మీద మధ్యలో ఇరుక్కుపోతే నేను పైనుంచి దిగి మాట్లాడుతూ కూర్చున్న సంగతి చెప్పాను. అప్పుడు మీకెలా అనిపించింది అన్నారు. అదీ చెప్పాను. నా జన్మలో అంత మాట్లాడలేదండి. టైమైపోయింది."

"మరి ఆవిడ వంతు?"

లిఫ్టాయన తల గోక్కున్నాడు. "ఎగ్జామినరమ్మ అడిగింది, మీ అభిప్రాయం కూడా చెప్పండి మేడమ్ అని. మేడమ్ చెప్పారు. ఆయన చెప్పిన రెండో కారణం చాలా బలంగా ఉంది అన్నారు. ఎందుకు బలంగా ఉందో కూడా చెప్పారు. మూలనున్నాయన రాయడం ఆపి తలెత్తి చూశాడండి. అప్పటిదాకా ఆయనకు తల ఉందని నాకు తెలియదు."

నాకు ఒళ్లు మండింది. లిఫ్టాయన వెళ్లిపోయేదాకా ఓపిక పట్టి, అక్క మీద పడ్డాను. "అది క్లాసా అక్కా? అక్కడ నువ్వు పంతులమ్మవా?"

"ఆయన గొంతు పట్టేసింది చెల్లీ. గుటకలు మింగుతున్నాడు. ఎలా చూస్తూ కూర్చోను?"

"నీ కొంప ములిగితేనో?"

"నిజమే" అంది.

ఫలితాలొచ్చాయి. లిఫ్టాయన పాసయ్యాడు, మాట్లాడే పరీక్షలో మంచి మార్కులతో. ప్లీడరుగారు సవినయంగా పాసయ్యారు. నర్సమ్మ కూడా. అక్కకు చదవడంలో, వినడంలో, రాయడంలో ఎవరికీ రానన్ని మార్కులు, మాట్లాడటంలో వాటిని కిందికి లాగేసేటన్ని. పై గ్రేడు ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి తను కుడితితొట్టిలో పడ్డట్టయింది. లిఫ్టాయన పండ్లు తెచ్చాడు. అక్క మార్కులు తెలిసి, పండ్లు బల్లమీద పెట్టి, మళ్లీ మాటలు రాని మనిషైపోయాడు. "మీరు బాగా మాట్లాడారు, అది చాలు" అని అక్కే ఆయన్ను ఓదార్చి పంపింది.

మేనేజరు మంచివాడే. వచ్చే పరీక్షలో ఇంకొకసారి రాయండి, అందాకా ముందు టేబుల్ దగ్గర కూర్చోండి అన్నాడు. నేనొకరోజు దారం కొనడానికి అటు వెళ్లి, చూసిపోదామని లోపలికి తొంగిచూశాను. కాగితాల కోసం నిలబడ్డవాళ్ల వరుస గుమ్మం దాటి, మెట్లు దిగి, సైకిళ్ల దాకా వచ్చింది. ఏమిటా అని చూస్తే, కాగితం అడగడానికి వచ్చిన ప్రతివాడూ అక్క ముందు ఇంగ్లీషులో తడబడుతున్నాడు, అక్క వాళ్లను ఆ వాక్యం పూర్తిచేసేదాకా వదలడం లేదు. వెనకవాళ్లు గొణుగుతున్నారు. ఒకాయన కాగితం తీసుకుని వెళ్లిపోతూ వెనక్కి వచ్చి, ఇంకో వాక్యం చెప్పిపోయాడు. నాకు నవ్వొచ్చింది. ఆవిడ వెనక మూసి ఉన్న తలుపులోంచి క్లాసు వినిపిస్తోంది. ఇంకెవరో చెబుతున్నారు. అక్క చెవి అటే ఉంది.

ఇంటికి వచ్చి ఆలోచించాను. ఈవిడకు ఇంగ్లీషు రాక కాదు. తన వంతు తను తీసుకోవడం రాక. ఎదురుగా గుటకలు మింగే మనిషి కనిపిస్తే చాలు, తన సమయం తీసి వాళ్ల విస్తట్లో వడ్డించేస్తుంది. కాబట్టి ఆవిడకు కావలసింది గుటకలు మింగని మనిషి. వద్దన్నా మాట్లాడే మనిషి, మాట్లాడించే అవసరం లేని మనిషి, ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపు ముగ్గురి మాటలు తనే ఆడేసే మనిషి. అలాంటి మనిషి కోసం నేనెక్కడికో వెళ్లనక్కర్లేదు.

"రేపటి నుంచి సాయంత్రం నువ్వూ నేనూ ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నాం" అన్నాను.

"దేని గురించి?"

"ఈ ముందుగది గురించి. నాది అని నేనంటాను. నీది అని నువ్వను."

నా ఇంగ్లీషు బడిలో కొంత, గిరాకీల దగ్గర కొంత పోగేసింది. కాలాలు కలిసిపోతాయి, జరిగింది జరగబోయేదవుతుంది. కానీ పోట్లాటకు వ్యాకరణం ఎవరడిగారు? అన్నదమ్ములిద్దరినీ టీ కప్పులతో సహా ఎదురుగా కూర్చోబెట్టాను. బావగారు ఎగ్జామినరు, మా ఆయన మూలనుండి మార్కులు వేసేవాడు. మా ఆయనకు ఆ పాత్ర పెళ్లైన దగ్గర నుంచీ అలవాటే. వంటింటి టైమర్ తెచ్చి బల్లమీద పెట్టాం.

మొదటిరోజు నేను మొదలుపెట్టాను. పగలంతా పనిచేసేది నేను, వెలుతురు నాకు కావాలి, నీ తెల్లబోర్డు నా బట్టల మీద పడి సిరామరక అయింది అని దులిపేశాను. అక్క ఎంతో శ్రద్ధగా విని, "నువ్వు చెప్పింది చాలా న్యాయం" అంది.

"ఒప్పుకోకూడదక్కా, కాదనాలి."

"ఎలా కాదంటాను? మరక నిజంగానే అయింది కదా."

మర్నాడు నా క్రియలు సరిదిద్దింది. ఆ మర్నాడు "మరక అయినప్పుడు నీకెలా అనిపించింది?" అని అడిగింది. నాకెలా అనిపించిందో చెప్పుకుంటూ పోతే టైమర్ మోగింది. మా ఆయన నాకు పూర్తి మార్కులు, వాళ్ల వదినకు సున్నా వేశాడు. బావగారు నిట్టూర్చారు. "మా ఆవిడ ఇంతేనమ్మా, పెళ్లిచూపుల్లో కూడా నా చేతే మాట్లాడించింది" అన్నారు.

ఇలా కాదని, నాలుగోరోజు నా సంచిలోంచి అసలు కత్తెర తీశాను. ఆ ఇంగ్లీషును ఇక్కడ తెలుగులో చెబుతున్నాను, మూలంలో ఇంత శుభ్రంగా లేదు.

"అసలు ఈ క్లాసు ఎందుకు? మూసెయ్యి. ఆ టేబుల్ ఉద్యోగానికేం తక్కువ? ఫ్యాను కింద కూర్చుని కాగితాలివ్వడమేగా. గొంతు నొప్పి లేదు, సాయంత్రం కుర్చీలు మోసే పని లేదు. నీలాంటి మెత్తనిదానికి సరిగ్గా సరిపోతుంది. గది నాకిచ్చెయ్యి" అన్నాను.

అక్క ముఖం ఎర్రబడింది. నేను ఆపకుండా, "నిజమే చెల్లీ అను, అయిపోతుంది" అన్నాను.

"నిజం కాదు" అంది.

ఆ మాట విని బావగారి కప్పు సాసరులో ఒలికింది.

"నిజం కాదు. నువ్వు ఫ్యాను చూశావు, కుర్చీ చూశావు. మాట కోసం వెతుక్కునే మనిషి, ఆ మాట దొరికినప్పుడు ముఖం ఎలా ఉంటుందో నువ్వెప్పుడూ చూడలేదు. వాళ్లు వెళ్లిపోయాక కూడా నేను ఆ కుర్చీల్లో కాసేపు కూర్చుంటాను, తెలుసా? అది తీసేసి నాకు కాగితాల కట్ట ఇస్తే నేనేం చేసుకోను?"

నేను అడ్డురాబోయాను. చూపుడువేలు ఎత్తి, "నేనింకా ముగించలేదు" అంది. ఆ వేలిని నేను అంతకుముందు తెల్లబోర్డు మీద తప్ప చూడలేదు.

"వినే పరీక్ష నడుస్తుంటే ఒక్కోరోజు నీ మిషన్ దడదడలాడుతుంది. ఇన్నేళ్లూ నేనేమీ అనలేదు. అనకపోతే నాకేమీ లేదనుకున్నారు మీరంతా. కిటికీ దగ్గర వెలుతురు నాకూ కావాలి, నాకూ కళ్లజోడు వచ్చింది. ఈ ఇంట్లో మొదటి మాట నీది, చివరి మాట నీది. మధ్యలో దూరదామంటే దారపుపోగంత సందు ఇవ్వవు. కూర నువ్వు అనుకున్నదే, కర్టెన్ల రంగు నువ్వు అనుకున్నదే. ఆ రంగు నాకు నచ్చలేదు. తెచ్చిన రోజునే నచ్చలేదు."

టైమర్ మోగింది. ఆవిడ దాన్ని చూడకుండానే నొక్కి ఆపి, కర్టెన్ల సంగతి ఇంకాసేపు చెప్పింది. మా ఆయన మార్కులు వేయడం మానేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

నాకు కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా రాలేదు. ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చిన ఏడుపు. ఇన్నాళ్లకు నాకొక తోడికోడలు దొరికింది.

ఆ తర్వాత మాకు ఆ రుచి పట్టుకుంది. ఫ్యాను ఎంత వేగంగా తిరగాలి, కుళాయి ఎవరు సరిగా కట్టలేదు, మెట్ల మీద చీపురు ఎవరు వదిలేశారు, దేన్నీ వదల్లేదు. అన్నీ ఇంగ్లీషులోనే. బావగారు ముందు కిటికీలు మూసేవారు, తర్వాత ఆయనే ఒక పక్షం చేరిపోయారు. పక్కింటావిడ మా ఆయన్ను పట్టుకుని, "మీ ఇంట్లో ఏమైనా గొడవలా?" అని జాలిగా అడిగింది. "లేవండీ, పెద్ద చదువులు" అన్నాడట.

రెండోసారి పరీక్ష వచ్చింది. మళ్లీ అవే మెట్లు, అదే ఎండ, నా ఒళ్లో క్యారియర్. ఈసారి అక్కతో పాటు పిలిచింది ఒక అపరిచితుణ్ణి. ఫైర్ స్టేషన్ ఆఫీసరు. ఆరడుగుల పైన మనిషి, గుమ్మంలోంచి తల వంచి వెళ్లాడు. వెళ్లేముందు చొక్కా చేతికి ముఖం రెండుసార్లు తుడుచుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, గుటక మింగాడు. ఆ గుటక నాకు మెట్ల దాకా కనిపించింది. అయిపోయింది, కంటిన్యూ మేడమ్‌కి కావలసినవాడు దొరికాడు, గది పోయింది, క్లాసు పోయింది అనుకున్నాను.

ఫలితం సంగతి ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. పై గ్రేడే వచ్చింది. అక్క క్లాసు అక్కకు తిరిగి వచ్చింది. ఇప్పుడు కిటికీ దగ్గరి వెలుతురు వారంలో సగం రోజులు ఆవిడది. కర్టెన్లు కూడా మారాయి, కొత్త రంగు నాకు బొత్తిగా నచ్చలేదు. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఆరోజు ఆ మెట్ల మీద జరిగింది.

అక్క బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. క్యారియర్ మూత తీయబోతే వద్దంది.

"ఎలా జరిగింది?"

"మాట్లాడాను."

"ఎంత?"

"నా వంతంతా. ఆయన వంతులో కొంత." చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తోంది. "రెండుసార్లు అడిగాను చెల్లీ, మీరేమంటారని. ఒక్కో ముక్క చెప్పి ఆగిపోయాడు. నేను మొదలుపెట్టాను. ఇక బాగా వచ్చేసింది, నేననుకున్నదంతా వచ్చేసింది. చివర్లో ఆయన నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు. నేను చూశాను. చూసి కూడా ఆపలేదు."

"మంచి పని చేశావు."

"మంచి పనే. మళ్లీ పరీక్ష పెడితే మళ్లీ అలాగే చేస్తాను" అంది. "కానీ ఆయన ఏం చెప్పబోయాడో."

ఆ ఆఫీసరు అప్పుడే బయటికి వచ్చాడు. మెట్లు దిగి, మమ్మల్ని దాటి, ఎండలోకి నడిచాడు. అక్క లేచి వెనకాలే వెళ్లింది. నేను క్యారియర్‌తో ఆవిడ వెనకాల.

"ఏవండీ, లోపల చివర్లో మీరేదో చెప్పబోయారు. ఏమిటది?"

ఆయన ఆగి, సిగ్గుపడి, "వదిలేయండి మేడమ్. పరీక్ష అయిపోయిందిగా" అన్నాడు.

"పరీక్ష అయిపోయింది. నేను వినలేదు ఇంకా."

ఆయన అటూ ఇటూ చూశాడు. ఈసారి బల్లమీద పెట్టినవి ఎదురుచూసే మనుషుల ఫొటోలట. రైల్వే స్టేషన్లో ఒకరు, ఆసుపత్రి వరండాలో ఒకరు, ఉద్యోగం కోసం ఆఫీసు బయట ఒకరు. ఎవరి ఎదురుచూపు ఎక్కువ కష్టమో తేల్చాలట. ఆసుపత్రిలో మనిషిదేనని అక్క గట్టిగా వాదించిందట. ఆయన ఇప్పుడు, ఆ ఎండలో నిలబడి, ఒక్కో మాటా వెతుక్కుంటూ ఇంగ్లీషులో చెప్పాడు. మధ్యలో చాలాసేపు ఆగిపోయాడు. ఒక రిక్షా వెళ్లిపోయింది, దాని వెనక ఇంకోటి వెళ్లిపోయింది. అక్క ఏమీ అనలేదు. ఊరికే నిలబడింది.

ఆయన చెప్పింది ఇది. "మేం స్టేషన్లో రోజంతా ఎదురుచూస్తూనే కూర్చుంటాం. అందరూ ఏదో ఒకటి రావాలని ఎదురుచూస్తారు. మేం మాత్రం రాకూడదని ఎదురుచూస్తాం. బూట్లు వేసుకుని, సిద్ధంగా, రాకూడదని. నేను చెప్పాలనుకున్నది అంతే."

అక్క కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇది లోపల చెప్పి ఉంటే మీకు చాలా మార్కులు వచ్చేవండీ."

"మీరు చెప్పనిస్తేగా మేడమ్" అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు.

నేను అక్క తరఫున ఏదో అనబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎవరూ చెప్పనివ్వరండీ. మనమే చెప్పాలి. ఆ సంగతి తెలియడానికి నాకు తల సగం నెరిసింది" అంది. "సోమవారం సాయంత్రం మా ఇంటికి రండి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఎలా దూరాలో నేర్పుతాను. సాధన ఈవిడతో చేద్దురుగాని. ఈవిడ మాట మధ్యలో దూరగలిగితే మీరు ఎక్కడైనా దూరొచ్చు."

మంటల్లోకి దూకే మనిషి నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. సోమవారం మాత్రం అందరికంటే ముందే వచ్చాడు.